టమాటా మీద నిషేధం, పుల్ల బిళ్ళకి మినహాయింపు

కిడ్నీలో రాయి ఉందని స్కానింగ్‌లో తేలిన రోజు సాయంత్రానికల్లా ఆ ఇంట్లో టమాటాకి ఊస్టింగ్. మర్నాటి నుంచి పాలకూర బంద్. తర్వాత పాలు, పెరుగు. పక్కింటావిడ చెప్పిందని వంకాయ, ఆడపడుచు ఫోన్ చేసి చెప్పిందని జీడిపప్పు. పాలకూర, టమాటా కలిపి వండితే రాళ్లొస్తాయన్న మాట మన ఇళ్లలో ఎంత గట్టిగా పాతుకుపోయిందంటే, ఒంట్లో ఏ రాయీ లేనివాళ్లు కూడా ఆ రెండూ ఒక గిన్నెలో పడకుండా చూసుకుంటారు. ఇంత జాగ్రత్తపడే ఇంట్లోనే ఫ్రిజ్ మీద డబ్బాలో నారింజ రంగు పుల్ల బిళ్ళల షీట్లు ఉంటాయి, అదే, చప్పరించే సి విటమిన్ బిళ్ళలు. భోజనం అయ్యాక ఒకటి. గొంతు గరగరలాడితే రెండు. పిల్లలు మారాం చేస్తే వాళ్లకీ ఒకటి. వాటి గురించి డాక్టరు అడగడు, పేషెంటు చెప్పడు. అసలు వాటిని ఎవరూ మందుల లెక్కలో వేయరు.

మన భయమంతా కంచం మీదే ఉంది. బిళ్ళ మీద ఉండాల్సినంత లేదు. నా గొడవ ఇదే.

నేను పల్నాడులో ఒక డయాగ్నస్టిక్ ల్యాబులో టెక్నీషియన్‌ని. డాక్టర్ని కాను, ఎవరికీ మందు రాయను, ఎవరి మందూ ఆపమని చెప్పను. నా పని సీసాలో వచ్చిన మూత్రాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున దిగిన చుక్కని స్లైడ్ మీద వేసి మైక్రోస్కోపులో చూడడం. ఎండాకాలం వస్తే మా దగ్గర ఈ పని రెట్టింపవుతుంది. రాష్ట్రంలో ఎండలు అనగానే టీవీలో పేరు వినపడే రెంటచింతల మా జిల్లాదే. మిరప కోతలకి వెళ్లినవాళ్లు, ఆటో డ్రైవర్లు, మేస్త్రీ పనివాళ్లు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సీసాడు నీళ్లతో సరిపెట్టుకుంటారు. వాళ్ల శాంపిల్ చిక్కటి పసుపులో ఉంటుంది. అందులో కాల్షియం, ఆక్సలేట్ అనే పదార్థంతో కలిసి కట్టే కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు కనపడతాయి. పోస్టు కవరు వెనకవైపు ఎలా ఉంటుందో అలా, చిన్న చదరం, మధ్యలో ఇంటూ గీత. ఒకసారి చూస్తే ఇక మర్చిపోలేరు.

ఇవి కనపడ్డంత మాత్రాన రాయి ఉన్నట్టు కాదు, అది ముందే చెప్పాలి. ఏ జబ్బూ లేనివాళ్లలోనూ కనపడతాయి. శాంపిల్ సీసా గంటల తరబడి అలా ఉండిపోయినా కనపడతాయి. రిపోర్టులో 'క్రిస్టల్స్ ప్రెజెంట్' అని చూసి యూట్యూబ్ తెరిచేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. కానీ ఎక్కువమందిని వేధించే రాళ్లు కూడా ఈ జాతివే. కిడ్నీ రాళ్లలో పదింట ఎనిమిది దాకా కాల్షియం రాళ్లు, వాటిలో అధికభాగం కాల్షియం ఆక్సలేట్. కాబట్టి రాయి గురించి మాట్లాడాలంటే మూత్రంలోకి ఆక్సలేట్ ఎక్కణ్ణుంచి వస్తోందని అడగాలి. ఆకుకూరల నుంచి కొంత వస్తుంది, నిజమే. పాలకూరలో, తోటకూరలో, గోంగూరలో ఆక్సలేట్ బాగానే ఉంది. కొంత లివర్ తనంతట తానే తయారుచేస్తుంది. ఇంకొంత సి విటమిన్ విరిగిపోయినప్పుడు వస్తుంది. ఈ మూడోది మన ఇళ్లలో ఎవరి నోటా వినపడదు.

సి విటమిన్ అంటే ఆస్కార్బిక్ ఆసిడ్. ఒంట్లో దాని పని అయ్యాక కొంత ఉన్నదున్నట్టు మూత్రంలోకి వస్తుంది. కొంత రెండు మూడు మెట్లు విరిగి చివరికి ఆక్సలేట్ అవుతుంది. మనిషి ఒంట్లో ఆక్సలేట్‌ని విరగ్గొట్టే ఏర్పాటు లేదు. తయారైందంటే బయటికి పోవాల్సిందే, అదీ ప్రధానంగా కిడ్నీల గుండానే.

ఈ మాట ఎవరికి చెప్పినా తిరిగొచ్చే జవాబు ఒకటే. “సి విటమిన్ నీళ్లలో కరిగేదేగా, ఎక్కువైతే మూత్రంలో పోతుంది, నష్టమేముంది?” చదువుకున్నవాళ్లు కూడా ఇదే అంటారు. టెన్త్ క్లాసు సైన్సు పాఠంలో ఎ, డి, ఇ, కె కొవ్వులో కరుగుతాయి, బి, సి నీళ్లలో కరుగుతాయి అని చదువుకున్నాం కదా, ఆ జ్ఞాపకం. పాఠంలో తప్పేమీ లేదు. పోతుంది సరే, పోయే దారి ఏది? రాయి తయారయ్యేది ఆ దారిలోనే. 'మూత్రంలో పోతుంది' అన్నది ఇక్కడ ధైర్యం చెప్పే మాట కాదు, అసలు సమస్యే అది.

ఎంత పోతుందో కొలిచినవాళ్లున్నారు. 1996లో అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో మార్క్ లెవైన్ బృందం ఏడుగురు ఆరోగ్యవంతులైన కుర్రాళ్లని నెలల తరబడి ఆసుపత్రిలోనే ఉంచి, సి విటమిన్ తక్కువ ఉండే తిండి పెట్టి, మోతాదు మెల్లగా పెంచుతూ పోయింది. 200 మిల్లీగ్రాములు ఒక్కసారిగా ఇచ్చినా దాదాపు అంతా ఒంటికి పట్టింది. 500కి వచ్చేసరికి పట్టేది తగ్గింది, పట్టినదాంట్లోనూ చాలా భాగం మూత్రంలోకి వచ్చేసింది. రోజుకు 1000 దగ్గరికి వచ్చేసరికి రక్తం ఇక పట్టలేనంతగా నిండిపోయింది. మూత్రంలో ఆక్సలేట్, యూరిక్ ఆసిడ్ తాలూకు యూరేట్ పెరిగిందీ ఆ 1000 దగ్గరే.

ఇక మనకు రోజుకు కావలసింది ఎంత? హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం మగవాళ్లకి 80 మిల్లీగ్రాములు, ఆడవాళ్లకి 65. మధ్యరకం జామకాయ ఒకటి తింటే ఆ లెక్క దాటిపోతుంది. మెడికల్ షాపులో దొరికే మామూలు చప్పరించే బిళ్ళ 500. నీళ్లలో వేస్తే బుసబుసా పొంగే బిళ్ళ 1000. అంటే రోజు మొత్తానికి కావలసినదానికి ఆరు రెట్ల నుంచి పన్నెండు రెట్ల దాకా, ఒక్క గుటకలో. పైగా అన్నం, కూరల్లోంచి వచ్చేది ఎటూ వస్తుంది.

ఇక్కడ చిన్న లెక్క. ఆరోగ్యంగా ఉన్న మనిషి మూత్రంలో రోజుకు పోయే ఆక్సలేట్ 40 మిల్లీగ్రాముల లోపే ఉండాలంటారు. 1000 మిల్లీగ్రాముల బిళ్ళలో నూటికి ఒక్క వంతు, అంటే 10 మిల్లీగ్రాములు విరిగినా దాదాపు 5 మిల్లీగ్రాముల ఆక్సలేట్. మనం చిన్నదనుకునే వంతు కూడా ఆ 40 పక్కన పెడితే చిన్నది కాదు.

అనుమానించేవాళ్ల మాట కూడా వినాలి. వాళ్లు గట్టి వాదనే చేశారు. మూత్రంలోకి వచ్చిన సి విటమిన్ సీసాలో ఉండగానే ఆక్సలేట్‌గా మారిపోతుంది, కాబట్టి మీరు కొలిచింది ఒంట్లో తయారైంది కాదు, సీసాలో తయారైంది అన్నారు. ల్యాబులో పనిచేసేదాన్ని గనక నాకు ఈ వాదన నచ్చింది. శాంపిల్ నిలవుంటే ఏమవుతుందో రోజూ చూస్తాను. 24 గంటల మూత్రం పట్టే క్యానులో ముందే ఆసిడ్ పోసి ఇవ్వడం ఇలాంటి గొడవలు రాకుండానే. పాత కొలతల్లో కొన్ని ఈ దెబ్బకి కొట్టుకుపోయాయి కూడా. కానీ ఆ జాగ్రత్తలన్నీ తీసుకుని మళ్లీ కొలిచినా పెరుగుదల పోలేదు. 2005లో లిండా మాసీ, ఆమె సహచరులు 48 మందికి రోజుకు రెండుసార్లు 1000 చొప్పున ఇచ్చి చూస్తే దాదాపు 40 శాతం మందిలో ఆక్సలేట్ పెరిగింది. మిగతావాళ్లలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. పెరిగినవాళ్లలో ఇంతకుముందు రాళ్లు వచ్చినవాళ్లూ ఉన్నారు, ఎప్పుడూ రానివాళ్లూ ఉన్నారు. నన్ను ఆలోచనలో పడేసింది ఈ సంగతే. నా ఒళ్లు ఏ రకమో నాకు తెలియదు. తెలుసుకోవాలంటే 24 గంటల మూత్రంలో ఆక్సలేట్ కొలిపించుకోవాలి. మా ఊరి ల్యాబుల్లో ఆ టెస్టు చేయరు, శాంపిల్ సిటీకి పంపాలి. బిళ్ళ మాత్రం వీధి చివర దొరుకుతుంది.

ఆక్సలేట్ పెరగడం వేరు, రాయి రావడం వేరు. రెండోదాని గురించి ఎక్కువగా వినపడేది స్వీడన్ అధ్యయనం. స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 23,355 మంది మగవాళ్లని 11 ఏళ్ల దాకా గమనించి 2013లో ప్రచురించారు. మొదట్లో వీళ్లెవరికీ రాళ్లు లేవు. సి విటమిన్ బిళ్ళలు వాడినవాళ్లు 907 మంది, వాళ్లలో 31 మందికి రాళ్లొచ్చాయి. ఏ బిళ్ళలూ వాడని 22,448 మందిలో 405 మందికి వచ్చాయి. వయసు, చదువు, బరువు లాంటి తేడాలన్నీ సర్దుబాటు చేసినా ముప్పు ఇంచుమించు రెట్టింపు తేలింది. రోజుకు ఒకటీ అంతకన్నా ఎక్కువ వేసుకున్నవాళ్లలో ఇంకాస్త ఎక్కువ. అక్కడ అమ్మే బిళ్ళ సాధారణంగా 1000 మిల్లీగ్రాములది. అదే మల్టీవిటమిన్ బిళ్ళలు వాడినవాళ్లలో ముప్పు పెరగలేదు, వాటిలో సి విటమిన్ కొద్దిగానే ఉంటుంది గనక.

'రెట్టింపు' అనగానే వాట్సాప్‌లో ఎర్ర అక్షరాలతో తిరుగుతుంది. పై అంకెల్నే ఇంకోలా చూడండి. బిళ్ళలు వాడిన నూరుమందిలో పదకొండేళ్లకి ముగ్గురు నలుగురికి రాయి. వాడని నూరుమందిలో ఇద్దరికన్నా తక్కువ. అంటే వాడిన నూరుమందిలో తొంభై ఆరుగురికి ఏమీ కాలేదు. బిళ్ళ వేసుకున్నవాళ్లందరికీ రాళ్లొస్తాయని నేను అనను, అలా అనేవాళ్ల వీడియో కనపడితే నమ్మకండి. పైగా ఇది గమనించి చేసిన అధ్యయనం, బిళ్ళ ఇచ్చి, ఇవ్వక పోల్చింది కాదు.

2016లో అమెరికాలో ఇంతకంటే చాలా పెద్ద లెక్క వచ్చింది. హార్వర్డ్ వాళ్లు దశాబ్దాలుగా వివరాలు సేకరిస్తున్న నర్సులు, ఇతర ఆరోగ్య రంగ ఉద్యోగులు, ఆడవాళ్లు లక్షా యాభై వేల పైచిలుకు, మగవాళ్లు నలభై వేల పైచిలుకు. బిళ్ళల రూపంలో రోజుకు 1000 దాటిన మగవాళ్లలో ముప్పు 19 శాతం ఎక్కువ. స్వీడన్ అంత కాదు, కానీ అదే దిశ. ఆడవాళ్లలో తేడా కనపడలేదు. (ఈ ముక్క చదివితే మా ఆయన తన షీటు తెచ్చి నా చేతిలో పెడతాడు.) తిండిలోంచి వచ్చిన సి విటమిన్‌కి మగవాళ్లలోనూ ఆడవాళ్లలోనూ రాళ్లతో సంబంధం తేలలేదు.

తిండిలోంచి వచ్చిన దానికి సంబంధం తేలలేదు అన్న మాటని ఎర్ర సిరాతో గీసుకోవాలి. ఎందుకంటే మా కౌంటర్ దగ్గర రోజూ వినపడే ప్రశ్న ఒకటుంది. “నిమ్మకాయ నీళ్లు తాగమని డాక్టరుగారే చెప్పారు. నిమ్మకాయంటే సి విటమినేగా? మరి బిళ్ళ వేసుకుంటే తప్పేంటి?” తెలివైన ప్రశ్నే. రాళ్లున్నవాళ్లకి నిమ్మరసం చెప్పేది సి విటమిన్ కోసం కాదు, సిట్రేట్ కోసం. సిట్రిక్ ఆసిడ్ నుంచి వచ్చే సిట్రేట్ మూత్రంలోని కాల్షియాన్ని పట్టుకుని, అది ఆక్సలేట్‌తో కలవకుండా అడ్డుపడుతుంది. ఒక నిమ్మకాయ పిండితే వచ్చే సి విటమిన్ పదిహేను ఇరవై మిల్లీగ్రాములు మించదు. సిట్రేట్ మాత్రం దండిగా ఉంటుంది. బిళ్ళలో ఇది తారుమారు. పులుపు రెండింటికీ ఉంది, అందుకే ఈ గందరగోళం. ఉసిరికాయ, జామకాయ, పచ్చిమిర్చి, మునగాకు, ఏదీ మానక్కర్లేదు. నిమ్మరసంలో చెంచాడు ఉప్పేసి తాగడం మాత్రం మానాలి. ఉప్పు ఎక్కువైతే మూత్రంలోకి కాల్షియం ఎక్కువ దిగుతుంది.

పచ్చిమిర్చి అంటే గుర్తొచ్చింది. సి విటమిన్‌ని గుర్తించి, వేరుచేసి 1937లో నోబెల్ అందుకున్న ఆల్బర్ట్ సెంట్ గ్యోర్గీకి అది కిలోల లెక్కన దొరికింది హంగరీలోని సెగెద్ ఊళ్లో పండే పాప్రికా మిరపలోనే. మిరప యార్డులున్న మా వైపు జనం బిళ్ళలు కొనుక్కోవడం చూస్తే ఆయన ఏమనేవాడో. (ఎండు మిరపలో అది చాలావరకు పోతుంది. కారం ఎక్కువ తింటే చాలనుకుంటారేమో, కాదు.)

ఇప్పుడు నా పనిలోంచి ఒక సంగతి. బయట ఎక్కడా చర్చకు రాదు గనక కొంచెం విడమరిచి చెబుతాను.

యూరిన్ టెస్టులో మొదట చేసేది స్ట్రిప్పు. రంగు గళ్లున్న సన్నటి పట్టీని శాంపిల్‌లో ముంచి తీస్తే గడి రంగు మారడాన్ని బట్టి షుగర్, ప్రోటీన్, రక్తం వగైరా తెలుస్తాయి. రక్తం గడి పనిచేసేది ఇలా: ఆ గడిలో ఒక పెరాక్సైడ్, ఒక రంగు పదార్థం ఉంటాయి. మూత్రంలో రక్తం ఉంటే హిమోగ్లోబిన్ ఆ పెరాక్సైడ్‌ని విడగొడుతుంది, రంగు పుడుతుంది. షుగర్ గడిలోనూ చివరి మెట్టు ఇలాంటిదే. సి విటమిన్ ఏం చేస్తుందంటే, మధ్యలో దూరి ఆ పెరాక్సైడ్‌ని తానే తినేస్తుంది. రంగు రాదు. రక్తం ఉన్నా స్ట్రిప్పు లేదంటుంది. షుగర్ ఉన్నా తక్కువ చూపిస్తుంది. కొన్ని కంపెనీల స్ట్రిప్పుల్లో దీనికి విరుగుడు పెట్టారు, కొన్నింట్లో సి విటమిన్‌కే విడిగా ఒక గడి ఉంటుంది. చవక స్ట్రిప్పుల్లో చాలావాటికి ఈ రెండూ ఉండవు.

రాయి కదిలిన మనిషికి మూత్రంలో రక్తం తరచుగా ఉంటుంది, కంటికి కనపడకపోయినా సరే. డాక్టర్ మొదట వెతికే ఆనవాళ్లలో అదొకటి. అంటే రాయి రావడానికి ఓ చెయ్యి వేసే బిళ్ళే, రాయి జాడ దొరక్కుండా కూడా చేయగలదు.

ఒక లారీ డ్రైవర్ వచ్చాడు, ముప్పయ్యేళ్లుంటాయి. నడుము పక్కన మొదలై గజ్జల్లోకి దిగే నొప్పి, నిలబడలేకపోతున్నాడు. స్ట్రిప్పులో రక్తం గడి మారలేదు. స్లైడ్ పెడితే ఫీల్డు నిండా ఎర్ర కణాలు. రెండూ పొసగలేదు. బయటికొచ్చి అడిగాను.

“ఏం మందులు వాడుతున్నావు బాబూ?”

“ఏం లేవు మేడం.”

“విటమిన్ బిళ్ళలు గట్రా?”

“పుల్ల బిళ్ళలు మేడం. రోజుకి మూడు నాలుగు చప్పరిస్తా. డ్రైవింగ్‌లో నిద్ర రాకుండా ఉంటదని. అది మందెట్టా అవుద్ది?”

రిపోర్టులో మైక్రోస్కోపు ఫలితం రాసి, కింద నోట్ పెట్టి, మా ల్యాబ్ సార్‌తో డాక్టరుగారికి ఫోన్ చేయించాం. తర్వాత స్కానింగ్‌లో మూత్రనాళంలో రాయి కనపడింది. ఆ రాయి బిళ్ళల వల్లే వచ్చిందని నేను ప్రమాణం చేయలేను. పన్నెండు గంటలు ఇంజిన్ వేడి పక్కన కూర్చుని, మూత్రానికి ఆపాల్సి వస్తుందని నీళ్లు తగ్గించి తాగే మనిషి, రాయి రావడానికి అంతకన్నా కారణం అక్కర్లేదు. కానీ స్లైడ్ చూడకుండా స్ట్రిప్పు మీదే రిపోర్టు ఇచ్చే చోటికి వెళ్లుంటే అతని కాగితం మీద 'బ్లడ్: నిల్' అని ఉండేది. అలాంటి చోట్లు తక్కువేం కాదు.

పెరాక్సైడ్ పద్ధతి మీద నడిచే కొన్ని రక్తపరీక్షలకీ ఈ ఇబ్బంది ఉంది. షుగర్ పేషెంట్లు చేతికి అంటించుకునే సెన్సర్లలో కొన్ని, ఎక్కువ మోతాదు సి విటమిన్ తీసుకుంటే ఉన్నదానికన్నా ఎక్కువ షుగర్ చూపిస్తాయి. దాన్ని నమ్మి ఇన్సులిన్ పెంచితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇంతకీ ఈ బిళ్ళ మన ఫ్రిజ్ మీదకి ఎలా ఎక్కింది? దాని వెనక లైనస్ పాలింగ్ ఉన్నాడు. 1954లో రసాయనశాస్త్రంలో, 1962లో శాంతికి, రెండు నోబెళ్లు ఒక్కడే తెచ్చుకున్న మేధావి. మేక తనకు కావలసిన సి విటమిన్‌ని రోజూ గ్రాముల లెక్కన తనే తయారుచేసుకుంటుంది, మనిషికి ఆ శక్తి పోయింది, కాబట్టి మనం గ్రాముల లెక్కన మింగాలి అన్నాడు. 1970లో జలుబుకి సి విటమిన్ అని పుస్తకం రాశాడు, ప్రపంచం నమ్మింది. ఆయన తాను గ్రాములకు గ్రాములు మింగుతూ 93 ఏళ్లు బతికాడు. వాదనలో ఎవరో ఒకరు ఈ 93 తీస్తారు. మా తాత చుట్ట కాలుస్తూ ఎనభై దాటాడు, చుట్ట మంచిదని ఎవరూ రాయలేదు.

జలుబు మీద పాలింగ్ మాటని తర్వాత పదుల అధ్యయనాలు పరీక్షించాయి. వాటన్నింటినీ కలిపి చూసిన కాక్రేన్ (వైద్య పరిశోధనల్ని బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష తేల్చింది ఇది: రోజూ బిళ్ళ వేసుకున్నా మామూలు జనంలో జలుబులు తగ్గవు. వచ్చిన జలుబు పెద్దవాళ్లలో 8 శాతం త్వరగా తగ్గుతుంది. అయిదు రోజుల జలుబు పది గంటలు ముందు పోతుందన్నమాట, అదీ ఏడాది పొడుగునా మింగితే. జలుబు మొదలయ్యాక వేసుకుంటే నమ్మదగ్గ లాభం లేదు. మనం వేసుకునేదేమో అప్పుడే. మారథాన్ పరిగెత్తేవాళ్లకి, మంచులో కసరత్తు చేసే సైనికులకి జలుబులు సగం తగ్గాయని కూడా అందులోనే ఉంది. అది మనలో ఎంతమందికి వర్తిస్తుందో మీరే చూసుకోండి.

పాలింగ్‌ని పేరుతో ఎరగని ఇళ్లలోకి కూడా బిళ్ళని తెచ్చింది కోవిడ్. హోం ఐసోలేషన్ కిట్లలో సి విటమిన్, జింక్ ఉండేవి. అప్పట్లో మా వీధి మెడికల్ షాపులో పారాసిటమాల్ కన్నా ముందు పుల్ల బిళ్ళలు అయిపోయేవి. ఆ భయంలో ఎవర్నీ తప్పు పట్టను. కానీ 2021 ఫిబ్రవరిలోనే అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్లు ఇంట్లో ఉండి కోలుకుంటున్న 214 మంది మీద చేసిన పరీక్ష వచ్చేసింది. రోజుకు 8000 మిల్లీగ్రాముల సి విటమిన్ ఇచ్చినా, జింక్ ఇచ్చినా, రెండూ కలిపి ఇచ్చినా లక్షణాలు తొందరగా తగ్గలేదు. లాభం కనపడదని తేలి మధ్యలోనే ఆపేశారు. కోవిడ్ పోయింది. కిట్టులో వచ్చిన అలవాటు మాత్రం చాలా ఇళ్లలో నిలిచిపోయింది.

బిళ్ళకన్నా నాకు ఎక్కువ టెన్షన్ పుట్టించేది డ్రిప్పు. పెళ్లి కుదిరిన అమ్మాయిలకి, ఇప్పుడు అబ్బాయిలకి కూడా, తెల్లబడడానికని గ్లూటాథయోన్ అనే మందు, దానితో పాటు సి విటమిన్ గ్రాముల లెక్కన నరంలోకి ఎక్కిస్తున్నారు. హైదరాబాద్, విజయవాడ దాటి ఈ వ్యాపారం చిన్న ఊళ్లకీ వచ్చింది. నోటితో మింగితే పేగు కొంతవరకే లోపలికి రానిస్తుంది, మిగతాది విరేచనంలో పోతుంది. నరంలోకి ఎక్కిస్తే ఆ అడ్డు లేదు, మొత్తం రక్తంలోకే. ఎక్కువ మోతాదులో ఎక్కించినప్పుడు ఆక్సలేట్ నేరుగా కిడ్నీ కణజాలంలో పేరుకుని కిడ్నీలు దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ఎర్ర కణాల్ని కాపాడే జి6పీడీ అనే ఎంజైము లోపం పుట్టుకతో ఉన్నవాళ్లకి ఆ కణాలు పగిలిపోయే ప్రమాదం వేరే. అది ఉందో లేదో టెస్టు చేయకుండానే సూది గుచ్చుతారు. 2022లో ఐసీయూలో సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితి) పేషెంట్ల మీద నరంలోకి సి విటమిన్ ఇచ్చి చూసిన పెద్ద పరీక్షలో, మంచి జరగకపోగా చనిపోవడమో అవయవాలు కోలుకోకపోవడమో 44.5 శాతం మందిలో జరిగింది. ఉత్తి సెలైన్ లాంటిది ఇచ్చినవాళ్లలో అది 38.5 శాతం. ప్రాణాపాయంలో ఉన్నవాళ్ల లెక్కని పెళ్లికూతురికి అంటగట్టకూడదు, నిజమే. కానీ 'విటమినే కదా' అన్న ధీమాని ఆ అంకెలు ఒప్పుకోవు.

మరి పాలు, పెరుగు? మన ఇళ్లలో జరిగే అన్యాయం వాటికే. రాయిలో కాల్షియం ఉంది కాబట్టి కాల్షియం తినకూడదని అనుకోవడం చాలా సహజం. ఒకప్పుడు డాక్టర్లూ అదే చెప్పేవారు. 2002లో ఇటలీలో లోరిస్ బోర్గీ బృందం, మూత్రంలో కాల్షియం ఎక్కువ పోతూ మళ్లీ మళ్లీ రాళ్లు వచ్చే 120 మంది మగవాళ్లని రెండు జట్లు చేసింది. ఒక జట్టు కాల్షియం బాగా తగ్గించింది. రెండో జట్టు కాల్షియం మామూలుగానే తీసుకుని, ఉప్పు, మాంసం తగ్గించింది. అయిదేళ్లకి మొదటి జట్టులో 60 మందిలో 23 మందికి మళ్లీ రాళ్లు. రెండో జట్టులో 12 మందికే. తిండితో పాటు వెళ్లిన కాల్షియం పేగులోనే ఆక్సలేట్‌ని పట్టేసుకుని దొడ్డికి పంపేస్తుంది, రక్తంలోకి పోనివ్వదు. పాలకూర పప్పు తిని చివర్లో పెరుగన్నం తినడం మనకు ఎవరూ నేర్పక్కర్లేదు, ఉన్న అలవాటే. రాయి అనగానే ఆ పెరుగునే ఆపేస్తున్నాం. టమాటా సంగతి అడిగితే, దాంట్లో ఆక్సలేట్ చాలా తక్కువ. దాని గింజలే రాళ్లవుతాయని కొందరంటారు, అలా జరగదు.

నీళ్ల గురించి ఎక్కువ చెప్పను, అందరికీ తెలిసిందే. అదే బోర్గీ 1996లో, మొదటి రాయి వచ్చిన 199 మందిలో సగం మంది చేత రోజుకు రెండు లీటర్ల మూత్రం వచ్చేలా నీళ్లు తాగించాడు. అయిదేళ్లలో వాళ్లలో 12 శాతం మందికి మళ్లీ రాయి వస్తే, అలా తాగని మిగతా సగంలో 27 శాతం మందికి వచ్చింది. కొలవాల్సింది తాగిన నీళ్లు కాదు, బయటికి వచ్చినవి. మా ఎండలకి చెమటలో పోయేదే లీటర్లలో ఉంటుంది. మధ్యలో ఒక మాట, కిడ్నీ అనగానే ఉద్దానం తలుచుకుని భయపడేవాళ్లకి: శ్రీకాకుళం వైపు కిడ్నీలు దెబ్బతింటున్న ఆ జబ్బు వేరు, ఈ రాళ్ల గొడవ వేరు. రెండింటినీ కలపకండి.

సి విటమిన్ బిళ్ళే వద్దని నేను అనడం లేదు. చిగుళ్ల నుంచి రక్తం కారే స్కర్వీకి అదే మందు. రక్తం తక్కువున్నవాళ్లకి ఐరన్ బిళ్ళతో పాటు ఇస్తే ఐరన్ బాగా పడుతుంది. ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్లు రాస్తారు. డాక్టరు రాసినది, రాసినన్నాళ్లు వేసుకోండి. నేనంటున్నది ఎవరూ రాయని, ఎప్పుడు మొదలైందో ఇంట్లోవాళ్లకే గుర్తులేని, ఆపేది ఎప్పుడో తెలియని బిళ్ళ గురించి. ముఖ్యంగా మగవాళ్లు. అందులోనూ ఒకసారి రాయి వచ్చి పోయినవాళ్లు. 'రోజుకు 2000 దాకా ఫర్వాలేదని రాసుంది' అని ఇంటర్నెట్ చూపిస్తారు. ఆ 2000 హద్దుని 2000 సంవత్సరంలో అమెరికా వాళ్లు పెట్టింది విరేచనాలని చూసి, రాళ్లని చూసి కాదు.

బిళ్ళకి రాళ్లతో సంబంధం ఉందన్న ముక్క షీటు వెనక తెలుగులో ఒక్క వరుస వేస్తే చాలు. ఇంకో పని ఇంతకన్నా సులువు. రాయి ఉన్న పేషెంటు చేతికి తినకూడనివాటి జాబితా ఇచ్చే ముందు, “షాపులో సొంతంగా కొనుక్కుని ఏం వేసుకుంటున్నారు?” అని అడగడం. 'మందులు' అని అడిగితే బీపీ, షుగర్ బిళ్ళలే చెబుతారు. 'పుల్ల బిళ్ళలు, పొంగే బిళ్ళలు, ప్రోటీన్ పొడులు, గాజు సీసాలో ఉసిరి జ్యూసు' అని పేరు పేరునా అడగాలి.

మా ల్యాబు రిజిస్ట్రేషన్ చీటీ మీద బీపీ, షుగర్, థైరాయిడ్ మందులకి గళ్లున్నాయి. విటమిన్ బిళ్ళలకి ఇంకో గడి పెట్టమని మా సార్‌ని అడిగాను. సాఫ్ట్‌వేర్ వాళ్లతో మాట్లాడాలి, వాళ్లు గడికి ఇంత అని డబ్బులు అడుగుతారు అన్నారు. అందాకా సీసా ఇచ్చేటప్పుడు నోటితోనే అడుగుతున్నాను. మీరు యూరిన్ టెస్టుకి వెళ్తే, వాళ్లు అడగకపోయినా చెప్పండి. వేసుకునేది సొంతంగా కొన్న బిళ్ళే అయితే రెండు మూడు రోజులు ముందే ఆపి వెళ్లండి.